గృహనిర్మాణ వృత్తి: యోగ్యతాపత్రము, అనుమతి, భీమా
(సగరకుల వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసపాఠము)

  

జీవితమంతయు బడిపిల్లలచే శబ్దములు, ధాతువులు వల్లె వేయించిన మమ్ము, నేడు కట్టడపు పనులకు సంబంధించిన లైసెన్సులు, అనుమతులు, భీమాలను గూర్చి ప్రసంగింపుడని కార్యనిర్వాహకవర్గమువా రాజ్ఞాపించిరి. మేము ఇంజనీరులము కాము, న్యాయవాదులమును కాము. అయినను మన మేస్త్రీల ఒప్పంద పత్రములను ముప్పదేండ్లుగా వ్రాసిపెట్టుచున్న చేయి మాది. ఆ పత్రములలో నొకదానిని గూర్చి మీ యెదుట చెప్పుకొనవలసిన మాట యొకటి మాకు కలదు. అది చెప్పుటకే యీ ప్రసంగమునకు ఒప్పుకొంటిమి.

మన కులమునకు మూలపురుషుడని మనము కొలుచుకొను సగరచక్రవర్తి కథ తెలియని పసివాడు మన యిండ్లలో లేడు. సగరుని యరువదివేలమంది కుమారులు యాగాశ్వమును వెదకుచు భూమిని త్రవ్విరి. వారికి బలము కొఱతలేదు, పనితనము కొఱతలేదు. కాని వారు ఎవరి నడుగవలెనో వారి నడుగలేదు, విచారింపకయే కపిలమహామునిని దొంగయని నిందించిరి, బూడిదయైరి. ఆ వంశముననే పుట్టిన భగీరథుడు అంతకంటె పెద్దపనిని తలపెట్టెను. ఆయన నడిపిన విధానమును గమనింపుడు. మొదట బ్రహ్మ నారాధించి గంగను భూమికి దెచ్చుటకు అనుమతి పొందెను. గంగ పడు వేగమును భూమి భరింపజాలదని యెఱిగి, ప్రమాదము జరుగక ముందే పరమేశ్వరుని ప్రార్థించి, ఆ పాటును శిరస్సుపై భరించుట కొప్పించెను. తీరా గంగ దారిలో జహ్నుమహర్షి యజ్ఞవాటికను ముంచివేయగా, నష్టపడిన ఆ ఋషి ప్రసన్నుడైన పిదపనే యామె ముందునకు సాగెను. అనుమతి, ప్రమాదమునకు పూచీ, పరుల నష్టమునకు పరిహారము: ఈ మూడును కూడినప్పుడే భగీరథుని పని పూర్తియైనది. నేటి చట్టములు మన మేస్త్రీలను, కంట్రాక్టరులను అడుగునవియు నీ మూడే. ఇవి మనకు క్రొత్తవి కావు; మన కులకథలోనే యున్నవి. మనము మఱచితిమి.

ఈ మూటికంటె ముందు నాలుగవది యొకటి కలదు. అది యోగ్యత. ఎవ్వడు కట్టదగినవాడు అను ప్రశ్న మన శాస్త్రములలో ప్రాచీనమైనది. మయమతము శిల్పులను స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి యని నలుగురుగా విభజించి, ఒక్కొక్కని నేర్పును, నడతను నిర్ణయించినది. అంతదూర మేల? మన కడపజిల్లాలోనే పోరుమామిళ్ల చెఱువు సంస్కృత శాసనమును చూడుడు. శాలివాహన శకము 1291, అనగా క్రీస్తుశకము 1369లో, విజయనగర రాజవంశజుడగు భాస్కర భవదూరుడు ఆ చెఱువును నిర్మించెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల కాలము ఆ పనికి పట్టినవని యా శాసనము చెప్పుచున్నది. మంచి చెఱువునకు పండ్రెండు అంగములు, ఆఱు దోషములు నందు లెక్కింపబడినవి. ధర్మాత్ముడైన రాజు, జలశాస్త్రము నెఱిగిన విద్వాంసుడు, గట్టిమన్ను, దగ్గఱలో మంచి రాతిగని, ఇట్లు లెక్కించుచు లెక్కించుచు పండ్రెండవ యంగముగా చెప్పినదేమో తెలియునా? కట్టుపనిలో నేర్పరులైన జనసమూహము. ఆ జనసమూహము మన పూర్వులవంటి వారే గదా! రాజుతోను, పండితునితోను సమానముగా ఒక యంగమని పనివానిని లెక్కించిన శాసనము మన జిల్లాలో నుండగా, నేడు మన పనివాడు ఏ కాగితములోను పేరులేని వాడై యుండుట తగునా?

ఇక నేటి స్థితిని చూతము. సామాన్యగృహము కట్టించుకొను గృహస్థు మేస్త్రీని లైసెన్సు చూపుమని యడుగుట అరుదు. మాట మంచిదైన చాలును, రసమట్టము, తూకపుగుండు చేతనుండిన చాలును. కాని ప్రభుత్వపు పని యనగానే తలుపు మూయబడును. బడియైనను, కాలువయైనను, సిమెంటు రోడ్డయినను, దానికి టెండరు వేయవలెనన్న కంట్రాక్టరుగా నమోదు కావలెను. మన రాష్ట్రమున 2003లో నీటిపారుదల శాఖవారు వెలువరించిన 94వ నంబరు ఉత్తర్వు కంట్రాక్టరులను ప్రత్యేక తరగతి మొదలు అయిదవ తరగతి వఱకు విభజించినది. తరగతి పెరిగినకొలది చేయదగిన పని విలువయు, చూపవలసిన ఆస్తియు, అనుభవమును పెరుగును. దరఖాస్తుతో అనుభవ ధ్రువపత్రములు, సాల్వెన్సీ పత్రము, పన్నుల నమోదు పత్రములు సమర్పింపవలెను. టెండరుతో ధరావతు కట్టవలెను.

ఇచ్చటనే మనవారు చిక్కుకొనుచున్నారు. ముప్పదేండ్లు గోడలు లేపిన మేస్త్రీకి అనుభవము కలదు, అనుభవపత్రము లేదు. అందుచే నేమి జరుగుచున్నది? లైసెన్సు ఒకరిది, పని మఱియొకరిది. పత్రము గలవాడు తన పేరు అరువిచ్చి, బిల్లులో వంతు తీసికొని, నీడపట్టున కూర్చుండును. ఎండలో నిలిచినవాని పేరు మెజర్‌మెంటు పుస్తకమున నుండదు. ఆ పని పూర్తియైన పిదప అనుభవపత్రము కూడ పేరు అరువిచ్చిన వానికే పోవును. వాడు పై తరగతికి ఎక్కును; మనవాడు ఉన్నచోటనే యుండును. పేరు అరువిచ్చినవాడు కూడ సుఖపడడు. పనిలో లోపము కనబడిననాడు అధికారులు పట్టుకొనునది ఒప్పందముపై సంతకము చేసిన వానినే. ఈ సభలో పేరు అరువిచ్చినవారును, అరువు తెచ్చుకొన్నవారును ఉందురు. మేము ఎవరిని వేలెత్తి చూపుటలేదు. కాని ఈ అలవాటు రెండువైపులవారికిని చెఱుపని చెప్పక తప్పదు.

పరదేశపు మాట యొకటి చెప్పెదము. మన తెలుగుబిడ్డలు పెక్కుమంది నివసించు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కంట్రాక్టరుల లైసెన్సు మండలి 1929లోనే ఏర్పడినది. అచ్చట చిల్లర మరమ్మతులు తప్ప తక్కిన కట్టడపు పనిని పరులకు చేసిపెట్టువాడు లైసెన్సు పొందవలసినదే. వారు ముఖ్యముగా అడుగునది నాలుగేండ్ల పని యనుభవము, దానిని ఎఱిగినవారు ధ్రువపఱుపవలెను, పరీక్షలో నెగ్గవలెను. 2023 నుండి 25,000 డాలర్ల పూచీకత్తు కూడ చూపవలెను. పట్టభద్రుడవా యని వారు అడుగరు. పనిచేసితివా, దానిని ఎవరైన చెప్పగలరా యని అడుగుదురు. మన మేస్త్రీకి కొఱతయైనది మొదటిది కాదు, రెండవది. అనగా పని చేసిన పిదప దానికి కాగితము పుచ్చుకొను అలవాటు.

రెండవ సంగతి అనుమతి. ప్రొద్దుటూరు పురపాలక సంఘము 1915 నాటిది. నూఱేండ్లకు పైబడిన పురపాలనలోనున్న పట్టణమున కూడ, ప్లాను మంజూరు కాకముందే పునాది త్రవ్వు సాహసము మానలేదు. మన రాష్ట్రమున కట్టడములకు 2017 నాటి భవన నిర్మాణ నియమములు కలవు. వీధి వెడల్పును బట్టి ఎత్తు, చుట్టును విడువవలసిన ఖాళీస్థలము, లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణుని సంతకము, పని ముగిసిన పిదప నివాసయోగ్యతా పత్రము, ఇవన్నియు వానిలో నున్నవి. అది ఇంటియజమాని గొడవ, మనకేమి యని మేస్త్రీ అనుకొనును. కాని అధికారులు వచ్చి పని నిలిపిననాడు ఆగునది మేస్త్రీ బిల్లు. ఆ వారము పస్తులుండునది కూలీలు. కావున ముగ్గు పోయుటకు ముందే మంజూరైన ప్లానును కన్నులార చూడవలెను. దాని నకలు నొకదానిని తనయొద్ద నుంచుకొనవలెను.

ప్లాను కేవలము ప్రభుత్వపు ముద్ర కాదు. ప్రొద్దుటూరు చుట్టుపట్ల రేగడినేలలు మీకందఱకును తెలిసినవే. వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు వాయును. గట్టినేలయందు నడచిన పునాదిలోతు రేగడియందు నడువదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనాసంస్థవారు ఇట్టి నల్లనేలలకని అడుగున బుడిపె గల పునాది స్తంభములను రూపొందించిరి. నేలను పరీక్షించి, పునాదిని నిర్ణయించి, సంతకము చేయు ఇంజనీరు ఒకడుండిన, గోడ పగిలిననాడు తప్పు మేస్త్రీ మెడకే చుట్టుకొనదు.

అపార్టుమెంట్లు కట్టి విక్రయించువారికి మఱియొక చట్టము కలదు. అది 2016 నాటి రేరా చట్టము. స్థలము 500 చదరపు మీటర్లకు మించినను, గృహములు ఎనిమిదికి మించినను, ఆ నిర్మాణమును రేరా సంస్థయందు నమోదు చేయవలెను. కొనుగోలుదారుల సొమ్ములో నూటికి డెబ్బది వంతులు ప్రత్యేకమైన బ్యాంకు ఖాతాలో నుంచి, ఆ నిర్మాణమునకే వినియోగింపవలెను. ఇల్లు స్వాధీనపఱచిన అయిదేండ్లలోపల కట్టడమున లోపము బయటపడినచో, తెలిపిన ముప్పది దినములలో ఉచితముగా సరిచేయవలెను. మన కులమున అపార్టుమెంట్లు కట్టు స్థితికి ఎదిగిన పోషకులున్నారు, మాకు గర్వకారణము. వారికి మా మనవి యొక్కటే: ఈ అయిదేండ్ల భయమును శాపముగా తలపకుడు. పని మీద నమ్మకమున్నవానికి అది ప్రకటన.

ఇప్పుడు మేము మొదట చెప్పెదమన్న మాటకు వచ్చుచున్నాము.

2021లో మా పూర్వశిష్యుడగు మేస్త్రీ యొకడు మాయింటికి వచ్చి, ఒక రెండంతస్తుల యింటి పనికి ఒప్పందపత్రము వ్రాసి పెట్టుమనెను. పాత పత్రమొకటి మాదిరిగా నుంచుకొని, ఎప్పటివలెనే వ్రాసితిమి. అందొక వాక్యము కలదు: పనిలో కలుగు సకల కష్టనష్టములకును మేస్త్రీయే బాధ్యుడు. అక్షరములు గుండ్రముగా నున్నవని యజమాని మెచ్చుకొనెను. రెండునెలలు గడచిన పిదప, పై అంతస్తు పనిలో పరంజా జాఱి, ఇరువదియెనిమిదేండ్ల పనివాడు క్రింద పడెను. మూడవనాడు ఆసుపత్రిలో మరణించెను. మేస్త్రీ యజమాని యొద్దకు పోగా, ఆయన కోపగింపలేదు, దుర్భాషలాడలేదు. మేము వ్రాసిన వాక్యముపై వేలుంచి చూపెను. అంతే.

మేస్త్రీ ధర్మాత్ముడు. తనకున్న కొద్దిపాటి చేనును అమ్మి ఆసుపత్రి ఖర్చు, కర్మకాండ ఖర్చు పెట్టెను. ఆ పిమ్మట ఇచ్చుటకు వానియొద్ద ఏమియు లేదు. చనిపోయినవాని భార్య నేడు ఆ మేస్త్రీ పనులలోనే మాలుగంపలు మోయుచున్నది. మేము ఆ వీధిని పోవునప్పుడు ఆమె మాకు నమస్కరించును. ఆ నమస్కారమును స్వీకరించుటకు మాకు ముఖము చెల్లదు.

ఆ సంఘటన తరువాతనే మేము చట్టములు చదువ మొదలిడితిమి. చదివిన కొలది మా అజ్ఞానము మాకే భారమైనది. 1923లోనే మన దేశమున పనివారి నష్టపరిహార చట్టము పుట్టినది. దానిని బట్టి పనిలో మరణించినవాని కుటుంబమునకు, లెక్కకు వచ్చు నెలజీతములో సగమును అతని వయస్సునకు నిర్ణయించిన అంకెతో గుణించి పరిహార మీయవలెను. ఇరువదియెనిమిదేండ్లవానికి ఆ యంకె 211.79. జీతము 15,000 రూపాయలుగా లెక్కించిన, సగము 7,500. గుణింపగా 15,88,425 రూపాయలు. పదునైదు లక్షల పైచిలుకు! ఆ కుటుంబమునకు చట్టప్రకారము రావలసినది ఇది. వచ్చినది ఆసుపత్రి బిల్లు చెల్లింపు మాత్రము.

ఏల రాలేదు? పరిహార మీయవలసినవాడు పనిలో పెట్టుకొన్న మేస్త్రీ, వానియొద్ద లేదు. వాడు భీమా తీసికొని యుండిన, భీమా కంపెనీ చెల్లించి యుండెడిది. ఉద్యోగుల పరిహార పాలసీ యనునది సరిగా ఇందులకే పుట్టినది. రెండవది, రెండేండ్లలోపల అధికారికి అర్జీ పెట్టుకొనవలెనని చట్టము చెప్పుచున్నది. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నింపవచ్చునన్న వెసులుబాటు కలదు. కాని ఆ కుటుంబమునకు ఇవి యేవియు చెప్పినవారు లేరు. మాకు తెలియునప్పటికి గడువు దాటిపోయినది. మూడవది, వాడు ఆ పనిలో నుండెనని చూపు మస్టరు లేదు, జీతము చీటి లేదు. పేరులేక పనిచేసెను, పేరులేక పోయెను.

సోదరులారా! చట్టములు పాతవి పోయి క్రొత్తవి వచ్చినవి. 1923 నాటి చట్టమును, 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల సుంకపు చట్టమును 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలో కలిపిరి. 2025 నవంబరు 21 నుండి కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. కాని ముఖ్యమైన కట్టుబాట్లు మాఱలేదు. పరిహారపు లెక్క అట్లే యున్నది. పెద్ద కట్టడముల ఖర్చుపై నూటికి ఒకటికి తక్కువగాక, రెండుకు మించక కార్మికసంక్షేమ సుంకము వసూలగును. పదునెనిమిది మొదలు అఱువదేండ్ల లోపు వయస్సు కలిగి, గడచిన పండ్రెండు నెలలలో తొంబది దినములు కట్టడపు పని చేసినవాడు లబ్ధిదారుగా నమోదగుటకు అర్హుడు. ఈ సుంకమంతయు పనివానికి చేరుచున్నదా యని మీరడుగవచ్చును. 2018 మార్చిలో సుప్రీంకోర్టువారు ఈ సంగతినే విచారించి, దేశమంతట 37,400 కోట్లకు పైగా వసూలైనను ఖర్చయినది 9,500 కోట్ల ప్రాంతమేనని గుర్తించి, ప్రభుత్వములను గట్టిగా మందలించిరి. డబ్బు లేక కాదు, పేరు నమోదు కాక మన పనివాడు నష్టపడుచున్నాడు.

ఇంకొక చిక్కు కలదు. పదిమందికి తక్కువ పనివారున్న పనియు, 50 లక్షలకు మించని సొంతగృహపు పనియు క్రొత్త స్మృతిలోని కట్టడపు పని నిర్వచనమున రావు. మన ప్రాంతపు మేస్త్రీల పనులు చాలవఱకు ఇట్టివే. అనగా ఎక్కడ ప్రమాదము ఎక్కువయో అక్కడనే సుంకపు ఆసరా తక్కువ. కావున చట్టము చేయనిచోట మనమే చేసికొనవలెను. ప్రధానమంత్రి సురక్షా భీమా పథకమున ఏటికి 20 రూపాయలు బ్యాంకు ఖాతా నుండి చెల్లించిన, ప్రమాదమరణమునకు రెండు లక్షల రూపాయలు కుటుంబమునకు వచ్చును. పదునెనిమిది మొదలు డెబ్బదేండ్ల వఱకు ఎవరైనను చేరవచ్చును. ఒక్కపూట టీ, బోండాల ఖర్చు అది. ఇది పూర్తి పరిహారము కాదు. అయినను ఏమియు లేకుండుటకు, ఇంత యుండుటకు ఎంత భేదమో ఆ విధవరాలి నడిగిన చెప్పును. పెద్దపనులు చేయు కంట్రాక్టరులు ఉద్యోగుల పరిహార పాలసీతోబాటు, కట్టడమునకును, ప్రక్కయింటికిని కలుగు నష్టములను భరించు కంట్రాక్టరుల సర్వప్రమాద పాలసీ కూడ తీసికొనవలెను. మొదటిది ఈశ్వరుని శిరస్సు. రెండవది జహ్నువునకు సమాధానము.

కులసంఘమున ఈ మాటలేల యని కొంద ఱనవచ్చును. దానికి కౌటిల్యుడు సమాధానము చెప్పియున్నాడు. అర్థశాస్త్రమున కంటకశోధనాధికరణము కారుకరక్షణముతోనే మొదలగును. చెప్పిన కాలమునకు పని చేయని కారువునకు జీతములో పాతిక కోతయు, దానికి రెట్టింపు దండనయు నందు విధింపబడినవి. దైవికమైన ఉపద్రవమునకు మాత్రము మినహాయింపు కలదు. అంతకంటె ముఖ్యమైన మాట మఱియొకటి: శ్రేణి నమ్మినవాడే పరుల సొత్తును పనికై చేత పట్టవలెను, వానికి విపత్తు కలిగిన యెడల ఆ సొత్తును శ్రేణియే భరింపవలెను. శ్రేణి యనగా ఒకే వృత్తివారి సంఘము. అనగా మనము. ఎన్నికలనాడు టిక్కెట్ల కొఱకు, జయంతినాడు ఊరేగింపు కొఱకు మాత్రమే సంఘముండిన అది శ్రేణి కాదు. మన మేస్త్రీకి పూచీ పడి, ఆపద వచ్చిననాడు భుజము పట్టునదే శ్రేణి.

కావున ఈ మహాసభ యెదుట నాలుగు విన్నపములుంచుచున్నాము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములు మూటియందును, వారమున కొకదినము, కార్మికుల నమోదు దరఖాస్తులు, కంట్రాక్టరు నమోదు దరఖాస్తులు నింపిపెట్టు మనిషి నొకనిని సంఘము నియమింపవలెను. ప్రొద్దుటూరున ఆ పని మా కాలుసేతు లాడినంతవఱకు మేమే జీతములేక చేసెదము. రెండవది, పోషకులలో ప్రభుత్వపు పనులు చేయువారు, తమ క్రింద పనిచేసిన మేస్త్రీకి, పని ముగిసిన వెంటనే అనుభవపత్రము సంతకముచేసి ఈయవలెను. వానికి నిచ్చు కానుకలన్నిటిలో నది పెద్దది. మూడవది, సంఘపు విరాళములలో కొంత వేఱుపఱచి, సభ్యులైన పనివా రందఱికిని ఏటికి 20 రూపాయల భీమా సొమ్మును సంఘమే కట్టవలెను. ఈ సభకు వేసిన పందిరి ఖర్చుతో ఎందఱికి భీమా కట్టవచ్చునో కోశాధికారిగారు లెక్కవేయగలరు. నాల్గవది, ఒప్పందపత్రమునకు సంఘము మంచి మాదిరి యొకటి అచ్చువేయింపవలెను. అందు భీమా ఎవరు తీసికొందురో, సొమ్ము ఎవరు కట్టుదురో, మస్టరు ఎవరు వ్రాయుదురో స్పష్టముగా నుండవలెను. మేము వ్రాసిన ఆ వాక్యము అందుండరాదు.

ఆ మాదిరిపత్రపు చిత్తుప్రతిని మేము వ్రాసి తెచ్చియున్నాము. ఉపన్యాసము ముగిసిన పిదప కార్యదర్శిగారికి సమర్పించెదము. న్యాయవాదులు తప్పులు దిద్దవచ్చును, దిద్దవలెను. చదువుచెప్పినవాని వ్రాతను దిద్దుటకు సంకోచింపకుడు. దిద్దకుండ విడిచిన ఒక్క వాక్యము ఖరీదు ఎంతయో మేము చూచితిమి.

భగీరథుడు పూర్వుల బూడిదకు గంగను తెచ్చినాడు. మనము అంతపని చేయనక్కఱలేదు. పరంజా నెక్కువాడు సాయంకాలమునకు క్షేమముగా దిగునట్లును, దిగజాలనినాడు వాని యింట పొయ్యి ఆరకుండునట్లును చేసిన చాలును.